నేను జత విరిచిన పిల్ల

రాయి బుజ్జీ. నేను ఎట్లా చెబితే అట్లా రాయి. మధ్యలో తలెత్తి నా మొహం చూడకు. చూస్తే నేను ఆగిపోతాను.

చాలా ఏళ్ళ నుంచి నా లోపల ఒక బరువు ఉంది. వానకి తడిసిన పత్తి బోరెం, అంత పెద్ద గోతం, అట్లాంటి బరువు. చూడటానికి మామూలు పత్తే, ఎత్తబోతే నడుం విరుగుతుంది. దాన్ని మోసుకుంటూనే చర్చికి వెళ్ళాను, స్త్రీల కూడికలో ప్రార్థన చేశాను, నువ్వు డిగ్రీ పాసయ్యావంటే వీధంతా చాక్లెట్లు పంచాను. ఒక్క మనిషికి చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. దేవుడితో కూడా చుట్టూ తిప్పి మాట్లాడానేగాని ఆ మాట దగ్గరికి పోలేదు.

మీ నాయనమ్మది ఆగని నోరని ఊరంతా అంటారు. నిజమే. బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగేలోగా వాళ్ళింటి సంగతులన్నీ అడిగి, మనింటివన్నీ చెప్పేస్తాను. ఇంత మాట్లాడేదాన్ని ఆ ఒక్కటీ ఎట్లా దాచాను? బహుశా ఆ ఒక్కటి చెప్పకుండా ఉండటానికే ఇన్ని చెప్పానేమో.

ముందు నేనేం చేసేదాన్నో రాయి. నీకు తెలుసు, అయినా రాయి. ఇది వినాల్సిన వాళ్ళు ఇంకా ఉన్నారు.

మిరపకాయల కోతకి మన పల్లె ఆడవాళ్ళ ముఠాని నేనే తీసుకెళ్ళేదాన్ని. కోతలో సాలుకి ఇద్దరు. చెట్టుకి ఇటొకరు, అటొకరు. ఇద్దరూ కలిసి కదలాలి. చేతివేగం ఉంది గదా అని ఒకామె ముందుకు పోతే వెనక మిగిలినామెకి రైతు తిట్లన్నీ. అందుకని మా ముఠాలో జతని వదిలి ముందుకు పోవడం పెద్ద తప్పు. ఎవరికి ఎవరు సరిపోతారో చూసి జత కట్టడం నా పని. దుడుకుదానికి నిదానంగా ఉండేదాన్ని, మూతి ముడుచుకునేదానికి నవ్వించేదాన్ని. ఆ పని నాకు బాగా వచ్చు.

మన ఊరి బడి ఐదో తరగతితో సరి. ఆరుకి హైస్కూలుకి పోవాలి. డొంక దారిన ప్రత్తిపాడు రోడ్డు దాకా నడిచి, అక్కడ బస్సెక్కాలి. డొంకకి అటూ ఇటూ పత్తి చేలు, మిరప తోటలు, మధ్యలో ఒక పాత మోటారు షెడ్డు. మనిషి అలికిడి ఉండదు. మగపిల్లలు సైకిళ్ళేసుకుని పోతారు. ఆడపిల్లలే ఆగిపోయేవాళ్ళు. జత లేని ఆడపిల్లని డొంకన పంపకపోవడం మన పల్లె పద్ధతి. ఐదు అవగానే ఇంట్లో కూర్చోబెట్టేవాళ్ళు, లేదంటే కోతకి తీసుకుపోయేవాళ్ళు. అప్పటి హెడ్మాస్టరు గారు ఒకరోజు మన అరుగు మీద కూర్చుని, కోతలో ఆడవాళ్ళకి జతలు కడతావు గదమ్మా, ఈ పిల్లలకి కూడా కట్టు, తల్లులు నా మాట కంటే నీ మాట వింటారు అన్నారు.

నాకు ఎంత గర్వమేసిందో. ఆ ఎండాకాలం నుంచి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. హైస్కూల్లో పాఠానికొక అయ్యవారు మారతాడు, పిల్ల బెదిరిపోతుంది, మొదటి పరీక్ష తప్పినా మాన్పించొద్దు అని చెప్పేదాన్ని. సాయంత్రం ఆకలి మీద వస్తుంది, అన్నం ఉంచి కోతకి పోండి అనేదాన్ని. పెద్దమనిషయ్యే ఈడు, సంచిలో ఒక గుడ్డ పెట్టి పంపండి, ముందే చెప్పి పంపండి అని తల్లుల చెవిలో చెప్పేదాన్ని. తండ్రుల దగ్గర కూడా ఊరుకునేదాన్ని కాదు. బడి తెరవకముందే పిల్లల్ని తీసుకుని ఆ దారంతా నడిపించి, బస్సు ఎక్కడ ఆగుతుందో, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చూపించేదాన్ని. ఆఖరికి, బడి తెరిచే ముందు రోజు, జత పిల్లలిద్దర్నీ మన ఇంటికి పిలిచి ఒకే కంచంలో పరవాన్నం పెట్టేదాన్ని. తల్లులు పక్కన కూర్చుని చూసేవాళ్ళు. అది తిన్నాక ఒకళ్ళని వదిలి ఒకళ్ళు పోకూడదు. ఒకళ్ళకి జ్వరమొస్తే రెండో ఇంటికి పొద్దున్నే కబురు రావాలి. నేను పెట్టిన నియమమే అది.

ఇంక ప్రసన్న సంగతి.

నీ చెయ్యి ఆగింది. రాయి.

ప్రసన్న మార్త పెద్దకూతురు. మన వీధి చివరిల్లు. మార్త నన్ను అత్తా అంటుంది. చుట్టరికం లేదు, పిలుపే. ఆమె మొగుడు గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోస్తూ అక్కడే ఉండేవాడు, ఆదివారం వచ్చిపోయేవాడు. నువ్వూ ప్రసన్నా కలిసి ఐదు పూర్తిచేశారు. అంతకుముందు నేను పంపినవాళ్ళు పది అయిపోయో, పెళ్ళయ్యో బడి వదిలేశారు; ఆ ఏడు మన పల్లెలో హైస్కూలుకి పోవాల్సిన ఆడపిల్లలు మీరిద్దరే. నీకు ప్రసన్న, ప్రసన్నకి నువ్వు. నేను కట్టక్కర్లేని జత.

మాస్టారు ఇంకో మంచి చేయబోయారు. టౌన్లో ఆడపిల్లల హాస్టలు బడి ఉంది, అక్కడే తిండి, అక్కడే చదువు. మీ ఇద్దరి పేర్లూ పంపించారు. ప్రసన్నకి సీటు వచ్చింది. నీకు రాలేదు. ప్రసన్న చేరకపోతే ఆ సీటు నీకు వస్తుందని మాస్టారు నాతో చెప్పారు. మార్తని ఒప్పించి పిల్లని హాస్టలుకి పంపమని కూడా చెప్పారు. ఆ తర్వాత ఆయనకి బదిలీ అయింది. ఆ సంగతి తెలిసినదాన్ని ఊళ్ళో నేనొక్కదాన్నే మిగిలాను.

ఇక్కడే చెప్పాలి, తొందరపడకుండా చెప్పాలి. ఆ ముందటేడు, నేను జత కట్టి పంపి పదికి వచ్చిన పిల్లల్లో ఒకామె ఒకసారి నాతో అంది, మోటారు షెడ్డు దగ్గర ఒకాయన బండి ఆపుకుని కూర్చుంటున్నాడని. ఇద్దరం ఉన్నాం కాబట్టి ఏమీ అనలేదు మామ్మా అంది. నవ్వుతూనే అంది. ఇద్దరం ఉన్నాం కాబట్టి. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. అతనెవరో నాకు తెలుసు. ఊళ్ళో పదిమందిలో తిరిగే మనిషి. పిలిచి అడగొచ్చు. పెద్దల్లో పెట్టొచ్చు. నేను చేయలేదు. అప్పటికే మీ అమ్మ పోయింది, నువ్వు నా కొంగు పట్టుకుని పడుకునేదానివి. నాకు ఒక్కటే తోచింది. నా పిల్ల ఆ డొంకన నడవకూడదు.

మార్త నన్ను అడగటానికి వచ్చింది. సీటొచ్చింది గదా అత్తా, పంపనా అని. ఆమెకి పంపాలనే ఉంది. నేను నోరు తెరిచాను. హాస్టల్లో పిల్లలు బెంగతో చిక్కిపోతారన్నాను. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసే దిక్కుండదన్నాను. ఎక్కడో ఒక పిల్ల గోడ దూకి పారిపోయిందని అప్పటికప్పుడు కల్పించాను. పిల్ల కంటి ముందు ఉండగా హాస్టలు ఎందుకే మార్తా, మా బుజ్జి తోడుంటుంది, నాదీ పూచీ అన్నాను. పూచీ అన్నాను. మార్త మొహం తేటపడింది. మర్నాడే పోయి సీటు వద్దని చెప్పి వచ్చింది.

ఆ సీటు నీకొచ్చింది బుజ్జీ. నువ్వు చదివిన చదువంతా ఆ పిల్ల మంచం మీద పడుకుని చదివిందే.

బడి తెరిచే ముందు రోజు మీ ఇద్దరికీ ఒకే కంచంలో పరవాన్నం పెట్టాను. అప్పటికే నీ బట్టలు ట్రంకుపెట్టెలో సర్ది అటక మీద దాచి ఉంచాను. మార్త పక్కనే కూర్చుని, నెమ్మదిగా తినండే, ఎవరూ లాక్కోరు అంటోంది. నేను ఇంకొంచెం నెయ్యి వేశాను. ఏ మనసుతో వేశాను? ఇన్నేళ్ళూ అదే అడుగుతున్నాను నన్ను నేను. భయంతో చేశాను అంటే అది సగం నిజం. భయపడ్డదాన్నయితే ఇద్దర్నీ కాపాడేదాన్ని గదా. నాకు ఆ దారి సంగతి తెలుసు, తెలిసే ఒక పిల్లని తప్పించాను, తెలిసే ఇంకో పిల్లని ఒంటరిగా పంపాను. ఇది భయం కాదు. దీనికి వేరే పేరుంది, నాకు దాన్ని అనడానికి నోరు రావడం లేదు.

తెల్లారి నిన్ను తీసుకుని బస్సెక్కాను. తిరిగొచ్చి మార్తతో, ఉన్నట్టుండి పిలిచారే, ఇంకో సీటు ఖాళీ అయిందట, తల్లిలేని పిల్ల, కాదనలేకపోయాను అన్నాను. మార్త నమ్మింది. మంచిదేలే అత్తా అంది. తర్వాతి వారం నేను నిన్ను చూడటానికి వస్తుంటే నీ కోసం జంతికలు పొట్లం కట్టి ఇచ్చింది. నువ్వు తిన్నావు.

ప్రసన్న ఒంటరిగా పోవడం మొదలుపెట్టింది. పుస్తకాలు కొన్నారు, బట్టలు కుట్టించారు, జత లేకపోయినా మార్త మానిపించలేకపోయింది. జూన్‌లో పత్తి చేలు ఖాళీగా ఉంటాయి, దూరం నుంచే పిల్ల కనపడేది. తర్వాత తల ఒక్కటే కనపడేది. దసరా నాటికి పత్తి ఎదిగిపోయింది. పిల్ల డొంకలోకి దిగితే రోడ్డు ఎక్కేదాకా ఎవరికీ కనపడదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం బడి నుంచి నేరుగా మన ఇంటికి వచ్చింది. సంచి దించలేదు. నేను వాకిట్లో పాత మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నాను. నా ముందు నిలబడింది.

"మామ్మా, బుజ్జి ఎప్పుడొచ్చిద్ది?"

"సెలవలకి వచ్చిద్దిలే. ఎందుకే?"

"సెలవలకి కాదు. బడికి."

నేను ఏరుతూనే ఉన్నాను.

"మోటారు షెడ్డు కాడ ఒకాయన ఉంటన్నాడు. నేను ఆగితే ఆగుతన్నాడు. నడిస్తే ఎనకమాలే బండి నడిపిస్తన్నాడు. నా పేరు తెలుసు ఆయనకి."

"మీ అమ్మకి చెప్పావా?"

"లేదు. నీకే చెప్తున్నా. జత కట్టింది నువ్వే గదా."

"చెప్పమాక. చెబితే మీ అమ్మ బడి మాన్పిచ్చిద్ది. తల వంచుకుని గబగబా పో."

"నువ్వు రోడ్డు దాకా రావా మామ్మా? పొద్దున పూట ఒక్కటే."

"నాకు మోకాళ్ళ నొప్పులు తల్లీ."

సరేలే అంది. పెద్దదానిలాగా అంది. వెళ్ళిపోయింది.

ఆ మోకాళ్ళతోనే ఆ ఏడు పొద్దంతా మిరప తోటలో వంగి కోశాను.

ఎందుకు చెప్పొద్దన్నాను? పిల్ల చదువు ఆగిపోకూడదనా? పైకి అట్లాగే ఉంది. కానీ మార్తకి చెబితే మార్త మొదట అడిగే మాట, జత ఏదీ అని. ఆ ప్రశ్న వెంట పోతే సీటు సంగతి బయటికొస్తుంది. ఆ ఒక్క ప్రశ్న రాకుండా ఉండటానికి నేను ఆ పిల్ల నోరు మూశాను.

తర్వాత వాయుగుండం పట్టింది. ముసురు. ఒకరోజు సైకిళ్ళ మీద పోయిన మగపిల్లలందరూ వచ్చేశారు, ప్రసన్న రాలేదు. మార్త వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. నేను గుమ్మంలో నిలబడి డొంక వైపు చూస్తున్నానేగాని ఎదురు పోలేదు. చీకటి పడబోతుండగా వచ్చింది. తడిసిపోయింది. కాళ్ళకి చెప్పులు లేవు. సంచిని రెండు చేతులతో గుండెకి పట్టుకుని ఉంది. బురదలో జారిపడ్డానంది. నా ముందు నుంచే పోయింది. నన్ను చూసింది. అడుగుతానేమో అని చూసింది.

నేను అడగలేదు. ఆ రోజు అడగలేదు, ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఏం జరిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు బుజ్జీ. తెలుసుకోకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో అదొక్కటే తెలుసు.

మర్నాటి నుంచి బడికి పోనంది. కడుపునొప్పి అంది, తలనొప్పి అంది, తర్వాత ఏమీ అనడం మానేసింది. మార్త కొట్టింది. వీధిలోకి ఈడ్చుకొచ్చి కొట్టింది. మంచి బట్టలు కుట్టిచ్చానే, పుస్తకాలు కొన్నానే అని ఏడుస్తూ కొట్టింది. నేను అడ్డం పోయి విడిపించాను. విడిపించి ఏమన్నానో రాయి. చదువు అందరికీ ఎక్కదులే మార్తా, వదిలెయ్యి అన్నాను.

ఫిబ్రవరిలో కోత మొదలైంది. మార్త ఆ పిల్లని ముఠాలోకి తీసుకొచ్చింది. ఎవరి పక్కన వెయ్యాలి? నా పక్కనే వేసుకున్నాను. కళ్ళ ముందు ఉంటే చూసుకుంటాననుకున్నాను. చెట్టుకి ఇటు నేను, అటు ఆ పిల్ల. నేను వాగుతూనే ఉన్నాను, సినిమా కథలు, ఊళ్ళో సంగతులు. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆకుల సందులోంచి అప్పుడప్పుడూ కళ్ళు కనపడేవి. మిరప ఘాటుకి అందరికీ కళ్ళల్లో నీళ్ళు కారేవి, ఆ పిల్లకి కారేవి కాదు. నువ్వు సెలవలకి వచ్చినప్పుడల్లా అడిగేదానివి, ప్రసన్న ఎందుకు మానేసింది నాయనమ్మా అని. దానికి చదువు మీద మనసు లేదులే అని నీతో కూడా అన్నాను. నువ్వు నమ్మావు. ఆ తర్వాత అడగటం మానేశావు, ఆ పిల్లతో మాట్లాడటం కూడా మానేశావు.

ఈడు రాకముందే పెళ్ళి చేసి పంపేశారు. ఇప్పుడు వేటపాలెంలో జీడిపప్పు వలుస్తోంది. చేతులు నల్లగా అయిపోయాయని మార్త చెబుతుంటుంది.

ఇదంతా ఇట్లాగే నాతోపాటు మట్టిలోకి పోయేది. ఇప్పుడు ఎందుకు రాయిస్తున్నానంటే, మొన్న మార్త వచ్చింది. చిన్నది దీవెన ఐదు పూర్తిచేసింది, హైస్కూలుకి పంపుతోంది. జత దొరకలేదట. కానీ భయం లేదత్తా అంది, ఆటో మాట్లాడాను, ఊళ్ళో మనిషే, ఇంటి దగ్గర ఎక్కించుకుని బడి దగ్గర దించుతానన్నాడు, నువ్వేమంటావు అంది. ఎవరిది ఆటో అని అడిగాను. పేరు చెప్పింది.

అతనే. బండి పోయి ఆటో వచ్చింది.

చూద్దాంలే అన్నాను మార్తతో. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో నాకే వినపడింది. పన్నెత్తి ఒక్క మాట అనకుండా ఉంటే చాలు, అంతా సాఫీగా జరిగిపోతుంది. అప్పుడూ అంతేగా.

నిన్న నువ్వు బజారుకి పోయినప్పుడు ప్రసన్నకి ఫోన్ చేశాను. సీటు సంగతి చెప్పాను. ఆటో సంగతి చెప్పాను. వెనక ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్న చప్పుడు వినపడుతోంది. తర్వాత, చెల్లిని ఆ ఆటో ఎక్కనియ్యొద్దు అంది. నువ్వు చేసింది అమ్మకి నువ్వు చెప్పుకో, నాది నేను చెప్పుకుంటా, నన్నేం అడగమాక అంది. మామ్మా అనలేదు. పెట్టేసింది.

అందుకే నీతో రాయిస్తున్నాను. నోటితో చెబితే తీపి కలిపి చెబుతాను. మీ అమ్మ పోయిన సంగతి ముందు పెడతాను, మార్త చేత అయ్యో అనిపించుకుంటాను. నాకా విద్య బాగా వచ్చు. నువ్వు రాసింది రాసినట్టు ఆమె ముందు చదువు. నేను పక్కన కూర్చుంటాను. ఏమీ కలపను.

ఇక్కడి నుంచి మర్నాడు రాయిస్తున్నది.

చదివావు. మార్త ఇంట్లో, ఒక్క మాట వదలకుండా చదివావు. మార్త మంచం పట్టీ పట్టుకుని నిలబడే విన్నది. నేను తిట్టు కోసం చూస్తూ కూర్చున్నాను. ఆఖరికి అన్నది ఒక్కటే.

"దాన్ని కొట్టాను అత్తా. ఆ డొంకన పొమ్మని కొట్టాను."

నన్ను చూసి కూడా కాదు, గోడని చూసి అంది. తర్వాత దీవెనని లోపలికి పిలిచి, ఫోన్ తీసుకుని, నాతో, నువ్వింక మా గడప తొక్కమాక అంది. మనం వచ్చేశాం. లోపల ఆమె ప్రసన్నతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నాకు లేదు. ఆ ఆటో ఈ పొద్దు మన వీధిలోకి వచ్చి, వాళ్ళ ఇంటి ముందు కాసేపు ఆగి, హారన్ కొట్టి, ఎవరూ రాకపోతే వెళ్ళిపోయింది. ఇంకా ఊళ్ళోనే తిరుగుతోంది. ఎక్కే పిల్లలు వేరే ఉన్నారు. వాళ్ళ తల్లుల దగ్గరికి కూడా పోవాలి. వాళ్ళు నన్ను ఏమంటారో అననీ.

నువ్వు నిన్నటి నుంచి నన్ను నాయనమ్మా అనలేదు. అన్నం పెట్టావు, మందు బిళ్ళ ఇచ్చావు, ఇప్పుడు పెన్ను పట్టుకున్నావు. ఆ హాస్టల్లో నువ్వు చదివిన చదువు మీద నేను మట్టి చల్లానని నాకు తెలుసు. అందులో నీ తప్పు లేదని చెప్పాలనుంది. కానీ ఆ మాట కూడా నా నోటి నుంచి వస్తే ఎంత పనికొస్తుందో తెలియదు.

ఇందాక మార్త దీవెన చెయ్యి పట్టుకుని మన గుమ్మం ముందు నుంచి డొంక వైపు నడిచిపోయింది. హైస్కూల్లో దించి రావడానికి కాబోలు. తనే తీసుకుపోతోంది. పిల్ల నన్ను చూసి నవ్వబోయింది, మార్త దాని తల అటు తిప్పింది. అప్పుడు మార్త ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపులో ఏమీ మిగల్లేదు బుజ్జీ, కోపం కూడా. నేనెవరో తెలిసిన చూపు అది. ఇన్నేళ్ళలో ఈ వీధిలో నన్ను నన్నుగా చూసిన మొదటి మనిషి ఆమె. నేను తల దించుకోలేదు. నవ్వు తగిలించుకోలేదు. ఏం మార్తా ఎక్కడికి అని పలకరించలేదు. వాళ్ళు మలుపు తిరిగేదాకా అట్లాగే కూర్చున్నాను, నోట్లో మాట అన్నదే లేకుండా.